కుక్కగొడుగులు తిన్న మధ్యాహ్నం

నాకు ఏడో నెల నడుస్తుండగా, గోదావరికి ఎర్రనీరు వచ్చిన శ్రావణంలో, నేనూ మా అత్తగారూ తెలియక కుక్కగొడుగులు కూర వండుకుని తిన్నాం. ఆ మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా మా ఇద్దరికీ ఏం జరిగిందో మా ఆయనకు సగమే తెలుసు. మిగతా సగం మా అత్తగారూ నేనూ దాచుకున్నాం. ఆవిడ పోయి చాలాకాలమైంది. మా నాన్న వీధిబడి నడిపేవాడు. మగపిల్లల వెనక కూర్చోబెట్టి నాకూ అక్షరాలు దిద్దించాడు. ఆ చదువు ఇన్నాళ్ళకు ఇది రాసుకోవడానికి అక్కరకు వస్తోంది.

నన్ను ఇచ్చింది గోదావరి మధ్యనున్న లంకలో. వేసవిలో ఇసుకమీద నడిచి, మోకాలి లోతు పాయ దాటితే గట్టుకు చేరవచ్చు. వానాకాలం వస్తే పడవ తప్ప దారి లేదు. లంకలో పొగాకు, మిరప, దొండపాదులు బాగా పండేవి. ఇళ్ళన్నీ ఎత్తు దిబ్బలమీద కట్టిన తాటాకు ఇళ్ళు. వరద కొంచెం వస్తే దొడ్డిదాకా వచ్చి పోయేది. గట్టిగా వస్తే అందరం పశువులతో సహా గట్టుకు వెళ్ళిపోవలసిందే. అక్కడివాళ్ళకు అది ఏటా ఉండే పనే. నేను గట్టుమీది ఊళ్ళో పెరిగినదాన్ని. నీరు నాలుగువైపులా ఎర్రగా తిరుగుతుంటే నిద్ర పట్టేది కాదు.

అది ఒక్కటే కాదు నా భయం. మా అమ్మ తమ్ముణ్ణి కని పురిట్లోనే పోయింది. తమ్ముడూ దక్కలేదు. నేను ఆ గది బయట అరుగుమీద కూర్చుని అన్నీ విన్నాను. ఏ మూలుగు తర్వాత ఏ మూలుగు వచ్చిందో, ఎప్పుడు ఆగిపోయిందో, ఆగిన తర్వాత మంత్రసాని ఎందుకు బయటికి రాలేదో, ఇవన్నీ నా లోపల అలాగే ఉండిపోయాయి. కడుపు పండిందని అందరూ సంతోషపడుతుంటే నేను మాత్రం లోలోపల లెక్క తప్పిన మనిషిలా తిరిగేదాన్ని. వేవిళ్ళు వచ్చినా భయమే, తగ్గినా భయమే. పుట్టింట్లో ఆడదిక్కు లేదు గనుక పురుడు అత్తవారింట్లోనే అని పెద్దలు తేల్చారు.

మా అత్తగారు తక్కువ మాట్లాడేది. ఆవిడ వయసులో ఉండగా మరిడి జబ్బు, అదే కలరా, వచ్చి భర్తా, ఇద్దరు చిన్నపిల్లలూ వెంటవెంటనే పోయారు. మేనమామ ఇంట్లో ఉండటం వల్ల మా ఆయన ఒక్కడే మిగిలాడు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆవిడ అన్నం సరిగా తినలేదట, ఎవరినీ గుర్తుపట్టలేదట. గట్టుమీద ఒక నేతపని చేసే పెద్దాయన ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్ళు చాలామంది. ఎవరో ఆవిడను ఆయన దగ్గరికి తీసుకువెళ్ళారు. అప్పటినుంచి రోజూ తెల్లవారుజామునా, సందెవేళా వంటింటి గోడకు ఎదురుగా చాప వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. కదిలేది కాదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇరుగమ్మలు చెవిలో వేశారు, చచ్చినవాళ్ళతో మాట్లాడుతుందని. ఆ వేళల్లో నేను వంటింట్లోకి వెళ్ళేదాన్ని కాదు.

ఒకరోజు ధైర్యం చేసి ఏం జపం చేస్తారని అడిగాను.

"జపం ఏమీ లేదమ్మా. ఊపిరి వస్తది, పోద్ది. దాన్ని చూస్తా కూర్చుంటాను. మనసు ఎటన్నా పోతే తిట్టను. మళ్ళీ తెచ్చుకుంటాను. అంతే" అంది.

అంతేనా అనుకున్నాను. అంతదానికి ఇంత మౌనం ఎందుకో అర్థం కాలేదు. కడుపుతో ఉన్నాక నా నిద్రలేమి చూసి ఆవిడే పక్కన కూర్చోమంది. కొన్ని రోజులు కూర్చున్నాను. ఊపిరి చూడబోతే మా అమ్మ మూలుగులు వినపడేవి. లేచి వెళ్ళిపోయేదాన్ని. ఆవిడ అలాగే కూర్చుని ఉండేది.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. వాన వెలవకుండా పడుతోంది. పైన ఎక్కడో ఏరులు పొంగాయని, గోదావరి ఇంకా పెరుగుతుందని పడవవాళ్ళు చెప్పారు. మగవాళ్ళంతా పశువులను ముందుగా గట్టుకు చేర్చాలనుకున్నారు. మా ఆయన కూడా మా ఎడ్లనూ, పాడిగేదెనూ తోలుకుని వెళ్ళాడు. వెళ్తూ, నీరు దొడ్డి దాటేలా ఉంటే పడవ పంపుతానని, కంగారుపడవద్దని చెప్పాడు. ఆయన అలా చెప్పిన క్షణం నుంచీ నేను చేసిన పని కంగారుపడటమే. గడియకోసారి దొడ్డిలోకి వెళ్ళి, పాతిన కర్రకు నీరు ఎంతదాకా వచ్చిందో చూసి వచ్చేదాన్ని.

కూరలు అయిపోయాయి. పాదులన్నీ నీటిలో కుళ్ళిపోయాయి. ఆ మధ్యాహ్నం మా అత్తగారు గడ్డివాము దగ్గరికి వెళ్ళి కొంగునిండా పుట్టగొడుగులు ఏరుకొచ్చింది. ముసురు పట్టినప్పుడు తడిసిన గడ్డిలో అవి మొలవడం, తినడం మాకు అలవాటే. అయితే ఆ ఏడు గేదెను వాము పక్కనే కట్టేశాం. గడ్డీ పేడా కలిసిపోయి ఉంది. కుక్కగొడుగులు మొలిచేది పేడలోనే. ఆవిడ కళ్ళకు అప్పటికే పొరలు కమ్మాయి. వెలుగూ నీడా తప్ప, మనిషి ముఖం కూడా దగ్గరికి వస్తేగాని ఆనేది కాదు. చేత్తో తడిమి ఏరింది. నేను కత్తిపీటమీద కోస్తుంటే కాడలు కోసినచోట నీలంగా మారాయి. ఆవిడను అడిగితే వానకు నానినవి కదా అంది. ఉల్లిపాయలు వేసి ఇగురు పెట్టాను. ఇద్దరం వేడన్నంలో కలుపుకుని తిన్నాం. రుచి కొంచెం మట్టివాసనగా ఉంది తప్ప ఇంకేం తేడా తెలియలేదు.

గిన్నెలు కడుగుతుండగా మొదట ఆవులింతలు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, దవడలు నొప్పిపుట్టేలా. తర్వాత ఒళ్ళు చల్లబడింది. కడుపులో తిప్పింది. ఏడో నెలలో ఇదేమిటనుకున్నాను. నెప్పులేమోనని గోడకు చేరబడ్డాను. ఎదురుగా గోడమీద నేను పండగకు వేసిన సున్నపు చుక్కలు ఉన్నాయి. అవి నెమ్మదిగా కదలడం మొదలుపెట్టాయి. చీమలబారులా సాగుతూ, ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ వెళ్తున్నాయి. కళ్ళు నులుముకున్నాను. మట్టిగోడ మొత్తం ఉబ్బుతోంది, తగ్గుతోంది. పడుకున్న గేదె డొక్కలా.

నేను అత్తయ్యా అని పిలిచానో, అరిచానో తెలియదు. నా గొంతు దూరంగా బావిలోంచి వచ్చినట్టు వినపడింది.

మా అత్తగారు పడసాలలో కూర్చుని నవ్వుతోంది. ఆవిడ అలా పైకి నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. "రంగులు కనపడతన్నాయే అమ్మాయీ. నీలం, పసుపు. ఎన్నేళ్ళయిందో" అంది. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయమేసింది. నేను కుప్పకూలి, చచ్చిపోతున్నానని, బిడ్డ చచ్చిపోతోందని ఏడవసాగాను. ఆ మాట వినగానే ఆవిడ నవ్వు ఆగిపోయింది. తడుముకుంటూ వంటింట్లోకి వచ్చి, చేటలో మిగిలిన పచ్చి పుట్టగొడుగు ఒకటి తీసి నలిపింది. వాసన చూసింది. మళ్ళీ నలిపి మళ్ళీ వాసన చూసింది. ఆ కాసేపు నాకు ఎంత పొడుగ్గా అనిపించిందంటే, ఆవిడ ఎదుట నేను ముసలిదాన్ని అయిపోతున్నాననుకున్నాను.

"కుక్కగొడుగులమ్మా. నా కళ్ళు నాశనమైపోను, చూసుకోలేదు. భయపడకు. మా పుట్టింటి ఊళ్ళో ఇయ్యి తిన్నోళ్ళని నేను చూశాను. పొద్దు వాలేసరికి దిగిపోద్ది. ఎవరూ చావలేదు" అంది.

ఉప్పునీళ్ళు తాగించింది. వాంతి అయింది కాని అప్పటికే ఆలస్యమైందని నాకు తెలుస్తూనే ఉంది. లోపలికి పోయింది పోయినట్టే. చూరు తాటాకులు పాముల్లా ఒకదానిలోకి ఒకటి దూరుతున్నాయి. వాన చప్పుడు మాటలుగా మారుతోంది. ఆ మాటల్లో మా అమ్మ మూలుగు ఉంది. గదిలోంచి వస్తోంది, లోపలికి రమ్మని. నేను లేచి గుమ్మంవైపు పరుగెత్తబోయాను. మా అత్తగారు నా చీరకొంగు పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టింది. తన వీపు నా వీపుకు ఆనించి తానూ కూర్చుంది.

"కళ్ళు మూసినా తెరిచినా కనపడేది కనపడద్ది. దాన్ని తరమకు, దాని ఎనకాల పోకు. ఊపిరి చూడు."

ఊపిరి చూశాను. అది ఇంకా ఘోరమైంది. చూస్తున్నకొద్దీ ఊపిరిని నేనే లాగుతున్నాననీ, లాగడం మరిచిపోతే ఆగిపోతుందనీ అనిపించింది. ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుని లాగాలి, ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుని వదలాలి. అలసిపోయాను. బిడ్డకు కూడా నేనే లాగాలి అనిపించింది. నావల్ల కాదు, ఆగిపోతోంది అని ఎగశ్వాసతో చెప్పాను.

ఆవిడ వెంటనే మాట మార్చింది. ఇప్పటికీ నాకు ఆవిడమీద గౌరవం అక్కడే. తనకు గురువు చెప్పింది ఊపిరి గురించే. అయినా నాకు పనికిరాదని గ్రహించగానే వదిలేసింది.

"ఊపిరి సంగతి వదిలెయ్యి. అదే పోద్ది, అదే వస్తది. అరచెయ్యి నేలమీద పెట్టు. ఎలా ఉంది?"

చల్లగా ఉందన్నాను.

"గరుగ్గా ఉందా, నున్నగా ఉందా?"

అలికిన నేల. చేతివేళ్ళ గీతలు ఉన్నాయి. అవి నా వేళ్ళ గీతలే, ఆ ఉదయం నేనే అలికాను. గరుగ్గా ఉందని చెప్పాను. ఆ చల్లదనం దగ్గరే ఉండమంది. మనసు వేరేచోటికి పోతే మళ్ళీ చేతిలోకి రమ్మంది. నేను పోయేదాన్ని. చూరులోకి పోయేదాన్ని, వానలోకి పోయేదాన్ని, మా అమ్మ గదిదాకా పోయేదాన్ని. ఆవిడ నెమ్మదిగా, ఎలా ఉందమ్మా నేల అని అడిగేది. చల్లగా ఉందండి అని చెప్పి తిరిగి వచ్చేదాన్ని. ఇలా ఎన్నిసార్లు అయిందో తెలియదు. మధ్యలో ఒకసారి మా అమ్మ నిజంగానే వచ్చి ఎదురుగా గోడ పక్కన కూర్చుంది. తడి జుట్టుతో ఉంది. నాకు ఏడుపు వచ్చింది. మా అమ్మ వచ్చిందని చెప్పాను.

"రానీ. కూర్చోనీ. నువ్వు లేవకు" అంది మా అత్తగారు.

నేను లేవలేదు. మా అమ్మ చాలాసేపు కూర్చుంది. ఏమీ అడగలేదు. మూలగలేదు. తర్వాత నేను చూస్తుండగానే అక్కడ మట్టిగోడే మిగిలింది. భయం పోలేదు. పొట్టలో రాయిలా అలాగే ఉంది. కాని దాని పక్కన కూర్చోవచ్చని మొదటిసారి తెలిసింది.

నా భయం కొంచెం తగ్గుముఖం పట్టిందనుకుంటుండగా నా వీపు వెనక ఖాళీ అయింది. తిరిగి చూస్తే మా అత్తగారు లేచి నిలబడి ఉంది. ఆ పొరలు కమ్మిన కళ్ళు దొడ్డివైపు చూస్తున్నాయి. ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ ఎరగను.

"పిల్లలు పిలుస్తున్నారు. నీళ్ళలో ఆడుకుంటన్నారు చూడు" అంది.

నాకు అర్థమయ్యేలోపు ఆవిడ గుమ్మం దాటేసింది. రోజూ తడుముకుంటూ నడిచే మనిషి, ఆ జారుడులో చూపున్నదానిలా సాఫీగా నడిచి వెళ్తోంది. దొడ్డి చివర గోదావరి. నేను పొట్ట పట్టుకుని లేచాను. నేల ఊగుతోంది. గుమ్మం ఒకసారి దగ్గరగా, ఒకసారి ఊరవతల ఉన్నట్టు కనపడుతోంది. జారిపడితే బిడ్డ ఏమవుతుందో అని ఒక భయం, ఆవిడ మునిగిపోతే నేను ఒంటరిగా ఈ పిచ్చిలో మిగిలిపోతానని ఇంకో భయం. రెండో భయమే నన్ను ముందుకు తోసింది. నిజం చెప్పాలంటే ఆవిడ మీద ప్రేమ అప్పటికి నాకు అంతగా లేదు.

గడ్డివాము దాటాక అందుకున్నాను. అప్పటికే ఆవిడ చీలమండలదాకా నీటిలో ఉంది. చెయ్యి పట్టుకున్నాను. విదిలించింది. పిల్లల పేర్లు పెట్టి పిలుస్తోంది. మరిడిలో పోయిన ఆ ఇద్దరి పేర్లు ఆవిడ నోట నేను వినడం అదే మొదలు. లాగే బలం నాకు లేదు. అరిస్తే వినే స్థితిలో ఆవిడ లేదు. పిల్లలు లేరని చెబితే నన్ను శత్రువులా చూస్తుందని ఎందుకో తెలిసింది. ఆవిడ అరచేతిని తీసుకుని నా పొట్టమీద పెట్టాను.

"అత్తయ్యా, ఇది ఎలా ఉందో చెప్పండి. గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?"

ఆవిడ నీటివైపే చూస్తోంది. మళ్ళీ అడిగాను. వాన ముఖాలమీద కొడుతోంది. నీరు ఎర్రగా సుళ్ళు తిరుగుతోంది. ఒక్కో సుడీ ఒక కన్నులా తెరుచుకుంటోంది. నేను ఆ కళ్ళను చూడకుండా, పొట్టమీదున్న ఆవిడ చేతి బరువునే చూస్తున్నాను. మళ్ళీ అడిగాను.

"గట్టిగా ఉంది" అంది చివరికి. చిన్నపిల్ల చెప్పినట్టు చెప్పింది.

ఇంకా ఏముందని అడిగాను. వేడిగా ఉందంది. తర్వాత మళ్ళీ నీటివైపు తిరిగింది. "పిల్లలు అక్కడే ఉన్నారమ్మా" అంది. ఉండనివ్వండి, మీరు ఇటు రండి అన్నాను. ఆవిడ గొల్లున ఏడ్చింది. ఏడుస్తూనే నా వెంట వచ్చింది. వాము మొదట్లో ఎత్తుగా ఉన్నచోట ఇద్దరం తడిలోనే కూలబడ్డాం. ఆవిడ చేతిని నా పొట్టమీంచి నేను తియ్యనివ్వలేదు.

అక్కడ కూర్చున్నప్పుడు దొడ్డిలో పాతిన కర్రకోసం చూశాను. కర్ర కనపడలేదు. ఇది కూడా గొడుగుల మాయేనా, నిజంగా నీరు పెరిగిందా? కళ్ళను నమ్మే రోజు కాదది. చూస్తే గోదావరి ఆకాశందాకా నిలబడి ఉంది, మళ్ళీ చూస్తే అరటిదోనెలో నీరంత ఉంది. కాలు చాపాను. ఇందాక వరద చేరని గడ్డి దగ్గర నీరు తగిలింది. కొంతసేపు ఆగి, కాలు కదపకుండా ఉంచి చూశాను. నీరు మడమనుంచి పైకి వచ్చింది. ఇది మాయ కాదు. ఆ సంగతి తెలిశాక వింతగా నా బుర్ర కాస్త తేటపడింది. ఇంతసేపూ లేనిదాన్ని చూసి భయపడ్డాను. ఉన్నదాన్ని చూసి చేయవలసిన పని ఒకటి దొరికింది. ఆవిడను లేపి, ఒకరినొకరం పట్టుకుని, ఇంటి అరుగుమీదికి చేరాం. అరుగు ఎత్తయినదే. అయినా నీరు ఇలాగే వస్తే అదీ చాలదని తెలుసు.

పడవ వచ్చింది ఆ తర్వాతే. మా రేవులో చేపలు పట్టే కుటుంబాల్లో పెద్దాయన ఒకాయన, దొడ్డిలోకే పడవ తోసుకొచ్చి పిలిచాడు.

"రండమ్మగారూ, గట్టుకి తీసుకురమ్మని అబ్బాయిగారు పంపారండి. నీరు ఇంకా వస్తదండి."

నేను కదలలేదు. ఆయన ముఖం నీటిలో నీడలా ఊగుతోంది. నాకు మా అమ్మ కనపడలేదా, ఆవిడకు పిల్లలు కనపడలేదా, ఈయనా అలాంటివాడేనేమో. ఎక్కితే పడవ ఉండదేమో. ఆయన రెండుమూడుసార్లు పిలిచి, విసుక్కోకుండా, ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. ఆ గెడ ఇటు చాపండి అన్నాను. ఆయనకు అర్థం కాకపోయినా పడవ తోసే వెదురుగెడ అరుగుదాకా చాపాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. తడిగా, కణుపుల దగ్గర గరుగ్గా, బరువుగా ఉంది. అటు చివర ఒక మనిషి పట్టుకున్న బరువు అది. అప్పుడు మా అత్తగారిని ముందు ఎక్కించి నేను ఎక్కాను.

గట్టు చేరేదాకా నేను పడవ చెక్కమీద అరచెయ్యి తీయలేదు. నది పొలుసులున్న పెద్ద జంతువులా కదులుతోంది. దాన్ని చూస్తూనే చెక్కను చూసుకున్నాను. మా అత్తగారు నా ఎదురుగా, మోకాళ్ళు తగిలేలా కూర్చుని, కళ్ళు మూసుకుని ఉంది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. గట్టు చేరేసరికి పొద్దు వాలింది. గోడల్లేవు కాబట్టి ఉబ్బడానికీ ఏమీ లేదు. పశువులు, మనుషులు, తాటాకు పందిళ్ళు, తడికట్టెల పొగ. ఒక్కొక్కటీ తన స్థానంలో కుదురుకుంటూ వచ్చింది. మా ఆయన మా ముఖాలు చూసి ఏమైందని కంగారుపడ్డాడు. పుట్టగొడుగులు పడలేదని మా అత్తగారు చెప్పింది. ఆయనకు తెలిసిన సగం అదే.

మత్తు దిగిపోయింది. నా కంగారు దిగలేదు. ఎందుకంటే పడవ ఎక్కినప్పటినుంచీ బిడ్డ కదల్లేదు. చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. పందిరి కింద అందరూ పడుకున్నాక కూడా అలాగే ఉన్నాను. ఏం కనపడినా రానిచ్చి ఊరుకోవచ్చు. ఏమీ కదలకపోతే ఏం చేయాలి? మా అత్తగారు నా పక్కనే కూర్చుంది. ధైర్యం చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు మేలైంది. మర్నాడు పొద్దెక్కాక ఎవరో వేడి గంజి ఇచ్చారు. సగం తాగానో లేదో, పక్కటెముక కింద ఒక పోటు పొడిచింది. గంజి ఒలికింది. ఆవిడ చెయ్యి లాక్కుని అక్కడ పెట్టాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

వరద తీసేదాకా గట్టుమీదే ఉన్నాం. ఆ రోజుల్లో మా అత్తగారు తెల్లవారుజామున చాప వేయలేదు. సందెవేళా వేయలేదు. నాకు అది చూసి దిగులేసింది. ఇంతకుముందు ఆవిడ కూర్చుంటే భయపడినదాన్ని, ఇప్పుడు కూర్చోకపోతే భయపడ్డాను. ఒకరోజు పేడ ఎత్తుతూ అడిగాను.

"ఇన్నేళ్ళు కూర్చున్నాను. ఆళ్ళు పిలిచేసరికి ఒక్క క్షణం ఆగలేకపోయాను. ఇంకేం కూర్చుంటానమ్మా" అంది.

కాసేపటికి తనే ఇంకో సంగతి చెప్పింది. పుట్టింటి ఊళ్ళో ఆ గొడుగులు తిన్నవాళ్ళను తను చూడలేదట. గొర్రెలు కాసే మనిషి ఒకడు తిన్నాడని చిన్నప్పుడు విన్నదట, అంతే.

"ఆడు బతికాడో లేదో కూడా నాకు తెలీదు" అంది.

నా చేతిలో తట్ట అలాగే ఉండిపోయింది. నేలమీద చెయ్యి పెట్టుకుని పొద్దు వాలే వేళకోసం నేను ఎదురుచూసింది ఎవరూ చావలేదన్న ఆ మాట నమ్మే కదా. ఆవిడకు తన మాటమీద తనకే నమ్మకం లేదు. తనలోనూ ఆ గొడుగులు పనిచేస్తుండగా, తన భయం పక్కన పెట్టి, నా వీపుకు వీపు ఆనించి కూర్చుంది. నాకు కోపం రాలేదు. మర్నాడు తెల్లవారుజామున నేనే పశువుల పందిరి వెనక గోనెసంచి పరిచి ఆవిడను పిలిచాను. ఒంటరిగా కూర్చోవాలంటే నాకు భయంగా ఉంది, తోడు కూర్చోండి అన్నాను. అది నిజమే. ఆవిడ వచ్చి కూర్చుంది. ఆవిడ ఊపిరి చూసేది, నేను అరచెయ్యి చూసేదాన్ని.

కార్తీకంలో పురుడు వచ్చింది. నేను నిమ్మళంగా కన్నానని చెబితే అబద్ధం. అరిచాను, మంత్రసానిని తిట్టాను, మా అమ్మను పిలిచాను. నొప్పికీ నొప్పికీ మధ్య మాత్రం నేల చల్లగా ఉందని తెలిసేది. కొంచెంసేపు అక్కడ ఉండి, మళ్ళీ కొట్టుకుపోయేదాన్ని. ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది.

అంతటితో నా భయం తీరిందా అంటే తీరలేదు. ఆ గొడుగుల విషం దానికి ఏం చేసిందోనని ఏడాదిపాటు దాని ముఖమే చూశాను. పాలు తాగుతూ ఉలిక్కిపడితే భయం. నిద్రలో నవ్వితే భయం. పాకే వయసులో ఒక పొద్దున్న అది వంటింటి మూలకు చూస్తూ, చెయ్యి చాపి, ఏదో పిలుస్తున్నట్టు శబ్దాలు చేయసాగింది. ఆ మూల ఏమీ లేదు. మా అత్తగారిని కేకేశాను. ఆవిడ తడుముకుంటూ వచ్చి, ఏం చూస్తోందో చెప్పమంది. ఏమీ లేదండి, ఖాళీగోడ, అందుకే భయంగా ఉంది అన్నాను. ఆవిడ ఆ మూలకు వెళ్ళి గోడమీద అరచెయ్యి ఆనించి, కాసేపు అటూ ఇటూ జరిపింది.

"ఇక్కడ ఎండ పడుతోంది కదే. వెచ్చగా ఉంది" అంది.

చూరులో తాటాకు జారి చిన్న సందు పడింది. అందులోంచి ఎండ గోడమీద పడి, గాలికి ఆకు కదిలినప్పుడల్లా కదులుతోంది. నేను చూడలేదు. పిల్ల చూసింది. అది మళ్ళీ కిలకిలా నవ్వి పాక్కుంటూ ఆ గోడ దగ్గరికి వెళ్ళింది. మా అత్తగారు దాన్ని ఎత్తుకుని, దాని చిన్న అరచేతిని తీసి ఆ వెచ్చని చోట పెట్టింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి, మాడిపోతున్న కూర దించాను.